చల్లటి జాగల షార్డొనే: ఏ సీసా తీస్కోవాలె, దేనికి పైసలు దండుగ

వైట్ వైన్ తాగేటోళ్లు మన హన్మకొండ, కాజీపేట దిక్కు ఇంకా తక్కువే, దావత్ అంటే బీరు కేసు, విస్కీ ఫుల్లు, మటన్ అంతే, కానీ ఈ మధ్య ప్రతి దావత్‌ల ఒకరిద్దరు తయారైతున్నరు, బెంగళూరుల జాబ్ చేసే మరదలో, ఆస్ట్రేలియా నుంచి దసరాకి వచ్చిన బామ్మర్దో, "బీరు వద్దు గానీ షార్డొనే ఏమన్న దొరుకుతదా" అని అడుగుతరు, అంటే ఆ పేరున్న తెల్ల ద్రాక్షతోటి చేసే వైట్ వైన్. ఇగ తెచ్చేటోనికి తిప్పలు మొదలు. షాపుకి పోతే విస్కీకి గోడలకు గోడలు, వైన్‌కి మూలకు ఒక అర, ఆ అరల షార్డొనే అని రాసున్నవి రెండో మూడో, ఒకదానికీ ఇంకోదానికీ రేటుల మస్తు తేడా, ఎందుకు అంత తేడానో కౌంటర్ మీది పిల్లగానికి తెల్వదు, మనకూ తెల్వదు, ఆఖరికి ఏ సీసా చూడ సక్కగుంటే అది సంచిల ఏస్కొని వస్తం.

నా లెక్క ముందే చెప్పేస్త. ఒక షార్డొనే సీసా రేటుల మూడిటికి పైసలు కడుతం: పేరుకి, పీపాకి, చల్లదనానికి. చల్లదనం అంటే ఫ్రిజ్‌ది కాదు, ద్రాక్ష పండిన జాగది. తాగినప్పుడు నోటికి హాయిగ తగిలేది, ఇంకో గుటక అడిగేది ఎక్కువ మటుకు ఈ మూడోదే. పేరుకి, పీపాకి తక్కువ కట్టి చల్లదనానికి కట్టే సీసాలు ఉన్నయి, మనం వెతుక్కోవాల్సింది అవే. ఇగ ఎందుకో చూద్దాం.

షార్డొనే పుట్టిల్లు ఫ్రాన్స్‌ల బర్గండీ. 1999ల డీఎన్ఏ పరీక్షలు చేసి చూస్తే దీని తల్లిదండ్రులు పినో న్వార్ అనే పేరున్న నల్ల ద్రాక్ష ఒకటి, గ్వే బ్లాంక్ అనే ఎవ్వరూ పట్టించుకోని తెల్ల ద్రాక్ష ఇంకోటి అని తేలింది. దీని సొంత వాసన తక్కువ, ఏ జాగల పెడితే ఆ జాగ రుచి పట్టుకుంటది, వైన్ చేసేటోని చెయ్యి ఎట్లుంటే అట్ల మారిపోతది, అందుకే ఒకే పేరు మీద ఒకటి నిమ్మకాయ వాసనతోటి గీసినట్టు సన్నగ, పుల్లగ ఉంటది, ఇంకోటి వెన్న, వెనీలా, పైనాపిల్ వాసనతోటి బరువుగ ఉంటది. "నాకు షార్డొనే నచ్చది" అనేటోళ్లల్ల సగం మంది ఆ రెండో రకం తాగి చెప్పినోళ్లే అని నా అనుమానం. 1990లల అమెరికాల ఇట్లనే జనం ఆ వెన్న వాసన వైన్లతోటి విసిగి షార్డొనే తప్ప ఏదైనా సరే పొయ్యమని ఊరూరా అన్నరంట.

మరి చల్లటి జాగకి అంత గొప్ప ఏంది అంటే, మామిడికాయని చూస్తే తెలుస్తది. పచ్చి కాయల పులుపు ఎక్కువ, తీపి లేదు, ఎండలకి పండుతుంటే పులుపు దిగుతది తీపి ఎక్కుతది. ద్రాక్షల కూడ అంతే, మాలిక్ యాసిడ్ అని ఒకటుంటది, రాత్రిళ్లు కూడ ఉక్కపోసే జాగలైతే ఆ యాసిడ్ జల్ది ఖర్చయిపోతది, చక్కెర మాత్రం ఎక్కుతనే ఉంటది, ఆ చక్కెరే రేపు ఆల్కహాల్ అయితది. చల్లటి జాగల కాయ నిదానంగ పండుతది, వాసన తయారయ్యే టైం దొరుకుతది, పులుపు నిలుస్తది, చక్కెర మితంగ ఉంటది. అందుకే సీసా వెనక లేబుల్ మీద ఆల్కహాల్ శాతం చూడుండ్రి, చిన్న అక్షరాలల్ల మూలకుంటది, 12, 12.5 అని ఉంటే చల్లటి జాగదని చాలా వరకు నమ్మొచ్చు, 14, 14.5 అంటే ఎండల బాగ పండిందని అర్థం. ఇది వంద శాతం రూల్ కాదు, కానీ షాపుల నిలబడి అర నిమిషంల చూసుకునేటందుకు ఇంతకంటే మంచి గుర్తు నాకు దొరకలే.

పీపా సంగతి. షార్డొనేని స్టీల్ ట్యాంకుల చెయ్యొచ్చు, ఓక్ అనే చెట్టు కట్టెతోటి చేసిన పీపాలల్ల చెయ్యొచ్చు. బర్గండీ పీపా 228 లీటర్లు, అంటే సీసాలైతే దగ్గర దగ్గర 300, కొత్త పీపా ఒక్కోటి వందల యూరోలు పలుకుతది, ఆ ఖర్చు అంతా సీసా మీదికే వస్తది. ఓక్ ఇచ్చేది వెనీలా వాసన, కొంచెం కాల్చిన వాసన, జెర ఒగరు. ఆ వెన్న వాసన మాత్రం ఓక్‌ది కాదు, అది పదునైన మాలిక్ యాసిడ్‌ని బ్యాక్టీరియా మెత్తటి లాక్టిక్ యాసిడ్‌గ మార్చేటప్పుడు పుట్టే డయాసిటైల్ అనే పదార్థంది. ఈ రెండూ మంచిగ చేస్తే మస్తుంటది, అబద్ధం ఎందుకు చెప్పాలె, కానీ అగ్గువ సీసాలల్ల నిజం పీపా పెట్టే పైసలు ఉండవు కాబట్టి కొందరు ఓక్ చెక్కముక్కలు ట్యాంకుల ఏస్తరు, అది నోట్ల రంపపు పొట్టు తగిలినట్టయితది. తక్కువ బడ్జెట్‌ల ఉంటే అన్‌ఓక్డ్ (ఓక్ తగలనిది) అని రాసున్నదే తీస్కోండ్రి, దాంట్ల దాచేటందుకు ఏం ఉండదు, కాయ మంచిదైతేనే వైన్ మంచిగుంటది.

ఇప్పుడు అసలు లెక్క, మన దేశంల విదేశీ వైన్‌కి ఎందుకింత పిరం. 2021 బడ్జెట్ నుంచి కస్టమ్స్ 50 శాతం, దాని మీద వ్యవసాయ సెస్ 100 శాతం, కలిపితే 150. ఈ పన్ను సీసా లెక్కన కాదు, రేటు లెక్కన పడతది, ఇక్కడే మనం దెబ్బతింటం. 6 డాలర్ల సీసాకి 9 డాలర్లు పడి 15 అయితది, 20 డాలర్ల సీసాకి 30 పడి 50 అయితది. అక్కడ రెండిటికీ తేడా 14 డాలర్లు, మన రేవుకొచ్చేసరికి 35. దాని మీద ఇంపోర్టర్ లాభం, రాష్ట్రం పన్నులు వేరే. అంటే పారిస్‌ల కూసున్నోడు పేరుకి ఒక రూపాయి ఎక్కువ కడితే మనం రెండున్నర కడుతున్నం. గందుకే బయట దేశాలోళ్లు రాసే "వాల్యూ" సలహాలు మనకి సగమే పనికొస్తయి.

ఒక మినహాయింపు ఉన్నది, చాలామందికి తెల్వదు. ఆస్ట్రేలియాతోటి మన ఒప్పందం 2022 డిసెంబర్ 29న అమల్లోకి వచ్చింది, దాని ప్రకారం 5 అమెరికా డాలర్లు దాటిన సీసాకి ఆ రోజు నుంచే 150 కాస్త 100 శాతం అయ్యింది, 15 డాలర్లు దాటిన సీసాకి 75 అయ్యింది, పదేళ్లల్ల అవి 50కి, 25కి దిగాలె. మొదటి రోజు రేటే పట్టుకున్నా, 16 డాలర్ల ఆస్ట్రేలియా సీసా 28 అయితే అదే 16 డాలర్ల ఫ్రెంచ్ సీసా 40 అయితది. 5 డాలర్ల లోపు సీసాకి మాత్రం ఏ తగ్గింపూ లేదు. ఈ లెక్క మనసుల పెట్టుకొని కింద చదవండ్రి.

షాబ్లీ. చల్లటి షార్డొనే అంటే అందరూ మొదలు చెప్పే పేరు, బర్గండీకి ఉత్తర కొసకు ఉంటది, సెరాన్ అనే చిన్న ఏరు పక్కన. అక్కడి నేల సున్నపురాయి, దాదాపు 15 కోట్ల ఏళ్ల నాటి సముద్రం అడుగు, చిన్న చిన్న ఆల్చిప్పలు ఇప్పటికీ మట్టిల దొరుకుతయి. తాగితే నిమ్మ, పచ్చి ఆపిల్, తడిసిన రాయి వాసన, చివర్ల ఉప్పు తగిలినట్టు, నాకైతే నోరు ఊరుతది. కానీ ఆ చలికి అక్కడి రైతు కట్టే రేటు చూడుండ్రి, ఏప్రిల్‌ల మొగ్గలేసే టైంకి రాత్రి మంచు పడితే పంట పోయినట్టే, అర్ధరాత్రి లేచి చెట్ల వరసల మధ్య పెద్ద పెద్ద మైనం డబ్బాలు వెలిగిస్తరు, లేకపోతే మొగ్గల మీద నీళ్లు చిమ్మిస్తరు, ఆ నీళ్లు గడ్డకట్టి మొగ్గ చుట్టూ ఐస్ తొడుగైతది, లోపల మొగ్గ సున్నా డిగ్రీల దగ్గరనే ఆగి బతుకుతది. చలి నుంచి కాపాడేటందుకు ఐస్ తొడగడం అంటే మొదటిసారి విన్నప్పుడు నేను నమ్మలే. 2021 ఏప్రిల్‌ల ఇవన్నీ చేసినా ఫ్రాన్స్ అంతటా మస్తు పంట పోయింది. షాబ్లీల కింది నుంచి మీదికి మెట్లు నాలుగు: పెటీ షాబ్లీ, షాబ్లీ, ప్రీమియె క్రూ, గ్రాండ్ క్రూ. గ్రాండ్ క్రూ ఏడు తోటలే, అవి మనకి కాదు. 150 శాతం పన్ను తర్వాత మామూలు షాబ్లీ కూడ పిరమే, ఎవరికన్న గిఫ్ట్ ఇయ్యాలనుకుంటే సరే, ఆరుగురు కూసున్న దావత్‌కి అయితే దండుగ. పెటీ షాబ్లీ దొరికితే మాత్రం వదలొద్దు, పేరుల "చిన్న" ఉన్నదని జనం పక్కకు పెడతరు, రుచి మరీ అంత చిన్నదేం కాదు.

మాకోన్. బర్గండీలనే, కానీ దక్షిణం దిక్కు, షాబ్లీ కంటే కొంచెం వెచ్చగ, ఇక్కడ షార్డొనే అనే ఊరే ఉన్నది. మాకోన్ విలాజ్ అని రాసున్న సీసాల ఎక్కువ మటుకు ఓక్ ఉండదు లేకపోతే జెర్రంత ఉంటది, పులుపు షాబ్లీ అంత కోయదు, పియర్, తెల్ల పూల వాసన, మొదటిసారి వైన్ తాగేటోళ్లకి షాబ్లీ కంటే ఇదే నచ్చుతది. ఫ్రాన్స్‌దే కావాలె అనే పట్టింపు ఉంటే నేను చెప్పేది ఇదే. పక్కనే సాన్ వెరాన్ కూడ బాగుంటది. పుయి ఫ్విసే అని ఇంకోటి ఉన్నది, 2020ల దాంట్ల కొన్ని తోటలకి ప్రీమియె క్రూ హోదా వచ్చింది, ఇగ పేరుకి కట్టుడు అక్కడ కూడ మొదలు.

నా ఓటు మాత్రం చిలీకే. మ్యాప్‌ల చూస్తే చిలీ చల్లటి దేశం అని అనిపించది, కాసాబ్లాంకా లోయ 33 డిగ్రీల అక్షాంశం మీద ఉన్నది, అటు శాంటియాగోకి, ఇటు వాల్పరైసో రేవుకి నడుమ. కానీ పసిఫిక్ నుంచి హంబోల్ట్ అనే చల్లటి సముద్ర ప్రవాహం తీరం వెంట పోతది, దానితోటి పొద్దుగాల్నే పొగమంచు లోయంతా కమ్ముకుంటది, ఎండ ఎక్కేసరికి మధ్యాహ్నం దగ్గరైతది, సాయంత్రానికి మళ్లీ సముద్రపు గాలి. 1980ల మొదట్ల పాబ్లో మొరాందే అనే వైన్ తయారీదారు అక్కడ ద్రాక్ష పెట్టేదాక ఆ లోయకి వైన్‌ల పేరే లేదు. ఇంకా ఉత్తరానికి పోతే లిమారీ, అటకామా ఎడారి దిక్కుకు, అక్కడ ఆ పొగమంచుని కమాంచాకా అంటరు, నేలల సున్నం కూడ ఉంటది, షాబ్లీల ఉండే ఆ ఉప్పు, రాయి రుచి దీంట్ల కూడ తగులుతది. భూమి రేటు బర్గండీ దగ్గరకి కూడ రాదు, పేరుకి ఎక్స్‌ట్రా లేదు, అంటే మన 150 శాతం పడేది చిన్న మొత్తం మీద. ఒక్క జాగ్రత్త, లేబుల్ మీద కాసాబ్లాంకా, లిమారీ, లేయ్డా, ఈ మూడు లోయలల్ల ఏదో ఒకదాని పేరు ఉండాలె. ఉత్త సెంట్రల్ వ్యాలీ అని ఉంటే అది లోపలి వెచ్చటి మైదానం, ఇది వేరే సరుకు.

ఆస్ట్రేలియాల రెండు రకాలు, ఈ రెండిటినీ కలిపి చూస్తేనే మోసపోతం. మన దగ్గర ఎక్కువ కనపడేది జాకబ్స్ క్రీక్ అసొంటివి, లేబుల్ మీద సౌత్ ఈస్టర్న్ ఆస్ట్రేలియా అని ఉంటది, అది ఒక ఊరు కాదు జిల్లా కాదు, న్యూ సౌత్ వేల్స్, విక్టోరియా, టాస్మేనియా మొత్తం, పక్క రాష్ట్రాలల్ల కొన్ని భాగాలు కలిపి గీసిన గీత, ఎక్కడి కాయ అయినా అండ్ల పడొచ్చు. తాగరాని వైన్ కాదు, పండు వాసనతోటి సాఫీగ పోతది, ఎప్పుడు కొన్నా ఒకటే రుచి. చల్లటి జాగ రుచి మాత్రం దాంట్ల వెతకొద్దు. రెండో రకం అడిలైడ్ హిల్స్, యారా వ్యాలీ, మార్నింగ్టన్, టాస్మేనియా, ఈ పేర్లు లేబుల్ మీద ఉంటే అది వేరే లెవెల్, పైన చెప్పిన 15 డాలర్లు దాటిన సీసాల పన్ను తగ్గింపు కూడ ఎక్కువ వీటికే పనికొస్తది. బడ్జెట్ కొంచెం పెంచగలిగితే ఫ్రెంచ్ సీసా పక్కకు పెట్టి వీటిల ఒకటి తీస్కోండ్రి, అదే రుచికి తక్కువ కడుతరు.

కాలిఫోర్నియా సంగతి రెండు ముక్కలు: 1976ల పారిస్‌ల ఫ్రెంచ్ జడ్జీలు కళ్లకు కనపడకుండ పోసిన వైన్లు రుచి చూసి వైట్‌ల అక్కడి షటో మాంటెలీనా 1973 షార్డొనేకి ఫస్ట్ ఇచ్చిన్రు, అప్పటిసంది దాని పేరు పెరిగింది, రేటూ పెరిగింది. అమెరికా సీసా మీద "రిజర్వ్" అని బంగారు అక్షరాలు చూసి మురవొద్దు, అక్కడి కేంద్ర చట్టంల ఆ మాటకి అర్థం ఏం లేదు. దక్షిణాఫ్రికాల ఎల్గిన్ అనే కొండ జాగది దొరికితే కళ్లు మూసుకొని తీస్కోండ్రి, దొరకడమే కష్టం.

మన స్టఫ్‌తోటి ఎట్ల? ఇది బయటోళ్లు ఎవరూ రాయరు. కారానికి ఆల్కహాల్ తోడైతే మంట డబుల్ అయితది, ఓక్ ఎక్కువున్నది కారంతోటి చేదు కొడుతది, కాబట్టి మన తిండికి 12.5 శాతం అన్‌ఓక్డే సరి. కొర్రమీను ముక్కలకి అల్లం వెల్లుల్లి, ఉప్పు, పసుపు పట్టించి, కారం తక్కువేసి, పెనం మీద అంచులు గట్టిపడేదాక ఏంచి, పైన నిమ్మకాయ పిండి, వేడిగున్నప్పుడే ఒక ముక్క, వెంటనే చల్లటి వైన్ ఒక గుటక, నూనె అంతా నాలుక మీది నుంచి కడిగేస్తది, ఇంకో ముక్క కోసం చెయ్యి దానంతటదే పోతది. సకినాలు కూడ అంతే మంచిగ కుదురుతయి, నువ్వులు, వాము, బియ్యప్పిండి కరకర, దాని మీద ఈ పులుపు. సర్వపిండి కారం తక్కువేస్తే సూపర్. ఎర్రగ కనపడాలనుకుంటే చపాటా మిర్చి పొడి వాడుండ్రి, మన వరంగల్‌దే, రంగు మస్తు, మంట తక్కువ. పచ్చిపులుసుతోటి మాత్రం వద్దు, తిండి వైన్ కంటే పుల్లగుంటే వైన్ చప్పగ, నీళ్లగ అయిపోతది. తలకాయ కూర, బోటీకి వైట్ వైన్ పెట్టుడు వాటికే అవమానం, అప్పుడు మీ ఇష్టమున్నది తాగుండ్రి.

కొనేటప్పుడు ఎండ సంగతి మర్చిపోవద్దు. మే నెలల మన దగ్గర 44 కొడుతది, సీసాలు గోదాంల, ట్రక్కుల ఎన్ని రోజులు ఉడికినయో ఎవరికి ఎరుక. కార్క్ సీసా అయితే మూతి మీద వేలు పెట్టి చూడుండ్రి, కార్క్ పైకి ఉబ్బినట్టున్నా, పక్క నుంచి జిగటగ కారిన గుర్తున్నా తీస్కోవద్దు. షాపు ముందటి అద్దంల ఎండకి పెట్టిన సీసా కంటే లోపలి అరలదే మేలు. ఏడాది చూడుండ్రి, ఈ బడ్జెట్ వైన్లు దాచిపెట్టేవి కావు, పంట ఏడాది నుంచి మూడేళ్ల లోపలదే కావాలె, రంగు ముదురు పసుపు, గోధుమ దిక్కు పోతే వదిలెయ్యండ్రి. తిప్పే మూత చూసి చీప్ అనుకోవద్దు, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ మంచి సీసాలకి కూడ అదే మూత.

చల్లబెట్టుడు: అన్‌ఓక్డ్ అయితే 8 నుంచి 10 డిగ్రీలు, ఓక్ ఉంటే 11 నుంచి 13. ఫ్రిజ్‌ల రెండు మూడు గంటలు చాలు, తొందరుంటే బకెట్ల ఐస్, నీళ్లు, గుప్పెడు ఉప్పు ఏసి సీసా ముంచితే ఇరవై నిమిషాలల్ల అయిపోతది. మన ఎండకి గ్లాసుల నిండ పొయ్యొద్దు, జెర జెర పోసుకుంటే వేడెక్కకముందే అయిపోతది. ఐస్ ముక్కలు ఏసుకుంటే నేనేం అనను, మీ వైన్ మీ ఇష్టం, కానీ అంత పన్ను కట్టి నీళ్లు కలుపుకున్నట్టయితది. మూత తీసిన సీసా మళ్లీ బిగించి ఫ్రిజ్‌ల పెడితే మూడు రోజులు ఢోకా లేదు.

ఎక్కడ దొరుకుతయి అంటే, మన ఊర్ల అన్నీ ఉండవు, హైదరాబాద్ పెద్ద షాపులల్లనే రకాలెక్కువ. ఎవరన్న బయట దేశం నుంచి వస్తుంటే డ్యూటీ ఫ్రీల మనిషికి 2 లీటర్ల దాక పన్ను లేకుండ తెచ్చుకోవచ్చు, అంటే 750 మిల్లీ సీసాలు రెండు, ఒకవేళ షాబ్లీ తాగాలని ఉంటే అదొక్కటే దానికి సరైన దారి. మన రాష్ట్రంల కొనేటందుకు 21 ఏళ్లు నిండాలె, తాగినంక బండి తియ్యకుండ్రి, కాజీపేట నుంచి హన్మకొండ ఎంత దూరమని మాత్రం అనొద్దు.

ఇవేవీ దొరక్కపోతే? మన దేశపు షార్డొనే ఉన్నది, ఫ్రటెల్లీ అనే వైన్ కంపెనీ వాళ్లు మహారాష్ట్ర షోలాపూర్ జిల్లా అక్లూజ్ దిక్కు పండిస్తరు, కస్టమ్స్ లేదు కాబట్టి అదే రేటుకి ఇంపోర్ట్ చీప్ సీసా కంటే మంచి సరుకు వస్తది, కానీ అది ఎండ నేల, చల్లటి జాగ రుచి దాన్ని అడగొద్దు. ఆ చురుకైన పులుపే కావాలనుకుంటే షార్డొనే అనే పేరు మీద పట్టుబట్టకుండ నాసిక్ సావిన్యాన్ బ్లాంక్ (ఇంకో తెల్ల ద్రాక్ష వైన్) తీస్కోండ్రి, అక్కడ కోతలు జనవరి నుంచి మార్చి నడుమ, రాత్రిళ్లు చల్లగుండే టైంలనే అయితయి, నాసిక్ వైన్ కంపెనీ సూలా వాళ్లు కూడ 2000ల దాంతోటి, చెనిన్ బ్లాంక్ అనే మరో తెల్ల ద్రాక్షతోటే మొదలుపెట్టిన్రు. కొత్త పంట ఏడాదిది చూసి తీస్కోండ్రి, పాతదైతే ఆ చురుకు పోతది.